స్టోరేజ్ రింగ్‌లో బీమ్ అదుపు తప్పుతుంటే ముందు తేల్చుకోవాల్సింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది 3 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ స్థాయి ఎలక్ట్రాన్ రింగ్ (బీమ్‌ను గంటల తరబడి చుట్లు తిప్పే స్టోరేజ్ రింగ్), 500 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్ (బీమ్‌కు శక్తినిచ్చే రేడియో తరంగాల వ్యవస్థ). కరెంటు 150 మిల్లీఆంపియర్లు దాటగానే నిలువు దిశలో బీమ్ లావెక్కుతోంది. క్రోమాటిసిటీ (శక్తిని బట్టి కణం డోలన లయ ఎంత మారుతుందన్న కొలత) పెంచితే సద్దుమణుగుతోంది కానీ లైఫ్‌టైమ్, అంటే బీమ్ రింగ్‌లో నిలిచే సమయం, పడిపోతోంది. కొన్ని రోజులు మాత్రం 200 దాకా ఏ గొడవా ఉండటం లేదు. సింక్రోట్రాన్ రేడియేషన్ (వంపుల్లో బీమ్ వెదజల్లే కాంతి) వల్ల సహజంగానే డ్యాంపింగ్, అంటే డోలనాలు అణగడం, ఉంటుంది కదా, మరి ఇదెందుకు వస్తోంది? బంచ్-బై-బంచ్ ఫీడ్‌బ్యాక్ (ఒక్కో కణాల గుంపు కదలికను కొలిచి, దాన్ని అణిచేలా తన్నే ఏర్పాటు) పెట్టేస్తే ఇక దీన్ని మరిచిపోవచ్చా?

పొట్టిగా చెప్పాలంటే, డ్యాంపింగ్ అస్థిరతను లేకుండా చేయదు, ఒక కరెంటు దాకా ఆపి ఉంచుతుంది, అంతే. ఫీడ్‌బ్యాక్ చాలా రకాలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కొన్నింటికి అసలు పనికిరాదు. కాబట్టి ఫీడ్‌బ్యాక్ బలం (గెయిన్) పెంచాలా, క్రోమాటిసిటీ పెంచాలా అనే ఆలోచనకు ముందు మీ దగ్గర ఉన్నది ఏ రకమో తేల్చుకోవాలి. చాలామంది ఈ మెట్టు దాటవేసి నేరుగా మందు దగ్గరికి వెళ్తారు.

అసలు సంగతి ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. బంచ్ అంటే కాంతి వేగానికి అతి దగ్గరగా పరుగెత్తే ఛార్జి ముద్ద. నిరోధమే లేని, ఎక్కడా ఎగుడుదిగుడు లేని గొట్టంలో అయితే దాని క్షేత్రం దానితోపాటే పోతుంది, వెనక ఏమీ మిగలదు. నిజమైన చాంబర్‌లో బీమ్‌కు శక్తినిచ్చే ఆర్‌ఎఫ్ కావిటీలుంటాయి, సాగే జోడింపులైన బెల్లోలుంటాయి, ఫ్లాంజీల మధ్య సందులు, బీమ్ స్థానాన్ని కొలిచే బీపీఎం బటన్లు, కాంతిని పుట్టించే అయస్కాంత వరుసలైన అండ్యులేటర్ల దగ్గర సన్నబడే టేపర్లు ఉంటాయి. గోడ రాగిదైనా, అల్యూమినియందైనా కొంత నిరోధం తప్పదు. ఇలాంటి ప్రతి చోటా బంచ్ క్షేత్రంలో కొంత భాగం వెనకబడి అక్కడే తచ్చాడుతుంది. దీన్నే వేక్ ఫీల్డ్ అంటారు. అదే విషయాన్ని ఫ్రీక్వెన్సీల లెక్కలో చెబితే ఇంపీడెన్స్.

ఆ వేక్ ఎంతసేపు ఉంటుందన్నదే మొదటి విభజన. చటుక్కున ఆరిపోతే అదే బంచ్ తోక భాగాన్ని మాత్రమే తాకుతుంది. అప్పుడు వచ్చేవి సింగిల్ బంచ్ అస్థిరతలు. చాలాసేపు మోగుతూ ఉంటే వెనక వచ్చే బంచ్‌లను, వాటి ద్వారా తర్వాతి చుట్టులో మళ్లీ మొదటి బంచ్‌ను కూడా తాకుతుంది. అవి కపుల్డ్ బంచ్ అస్థిరతలు. మొదటి రకం ఒక్కో బంచ్‌లోని ఛార్జిని బట్టి, రెండోది సుమారుగా మొత్తం కరెంటును బట్టి వస్తుంది.

డ్యాంపింగ్ సంగతి అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. బ్రిటన్‌లోని డైమండ్ రింగ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. చుట్టుకొలత 561.6 మీటర్లు. ఒక చుట్టుకు 1.87 మైక్రోసెకన్లు, అంటే సెకనుకు దాదాపు 5,34,000 చుట్లు. బంచ్‌లు కూర్చోగల చోట్లు, అంటే బకెట్లు, 936. ఈ తరగతి రింగ్‌లో నిలువు దిశ డ్యాంపింగ్ సమయం 10 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే డోలనం మూడో వంతుకు తగ్గడానికి సుమారు 5,300 చుట్లు పడుతుంది. ఇప్పుడు 300 మిల్లీఆంపియర్ల దగ్గర ఒక అస్థిరత పెరిగే సమయం 1 మిల్లీసెకను అనుకుందాం. పెరిగే రేటు సెకనుకు 1000, తగ్గే రేటు 100. మిగిలేది 900. పెరుగుదల కరెంటుతోపాటు తిన్నగా పెరుగుతుంది, డ్యాంపింగ్ మాత్రం ఎంత కరెంటుకైనా అంతే. కాబట్టి ఈ ఉదాహరణలో 30 మిల్లీఆంపియర్ల దగ్గరే హద్దు వచ్చేస్తుంది. ఒక మైక్రోమీటర్ కదలిక ఒక మిల్లీమీటర్ కావడానికి వెయ్యి రెట్లు పెరగాలి. సెకనుకు 900 రేటుతో అది 8 మిల్లీసెకన్లలోపే అయిపోతుంది. స్క్రీన్ మీద మీరు పెరుగుదలను ఎప్పుడూ చూడరు. అంతా అయిపోయాక మిగిలిన స్థితినే చూస్తారు.

బీమ్ పూర్తిగా పోకుండా లావెక్కి ఆగిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. డోలనం పెద్దదయ్యేకొద్దీ ట్యూన్ (ఒక చుట్టులో కణం ఎన్నిసార్లు ఊగుతుందన్న అంకె) కాస్త జరుగుతుంది, కణాల మధ్య లయ చెదురుతుంది, పెరుగుదల ఎక్కడో ఒకచోట ఆగుతుంది. బీమ్ పోలేదు కాబట్టి పెద్ద సమస్య కాదులే అనుకోకండి. ప్రయోగాలు చేసేవాళ్లకు బ్రైట్‌నెస్ పోయిందంటే బీమ్ సగం పోయినట్టే.

ఇక మీ రింగ్ సంగతి. ముందు చేయాల్సిన పరీక్ష ఒకటే. అదే మొత్తం కరెంటును వేరే ఫిల్ పాటర్న్‌లో, అంటే బకెట్లు నింపే వేరే వరుసలో, నింపండి. మొదట అన్ని బకెట్లలో సమానంగా, తర్వాత మూడింట ఒక వంతు బకెట్లలో. హద్దు 150 దగ్గరే ఉంటే అది కపుల్డ్ బంచ్ రకం. మూడో వంతుకు, అంటే 50 దగ్గరికి పడిపోతే సింగిల్ బంచ్ రకం. రెండూ కాకుండా, బంచ్‌ల వరుస (రైలు) మధ్యలో ఖాళీ పెట్టగానే హద్దు పైకి పోతే అయాన్ల మీద అనుమానపడాలి. ఒక్క షిఫ్టులో అయిపోయే పని ఇది. నా అంచనా మీది సింగిల్ బంచ్ రకం కాదని, ఎందుకంటే అది రోజుకో రకంగా ఉండదు. ఆర్‌ఎఫ్ వోల్టేజీ, ఆప్టిక్స్ (అయస్కాంతాల అమరిక), చాంబర్ మారకపోతే దాని హద్దూ పెద్దగా మారదు. మిగిలిన అనుమానితులు ముగ్గురు.

మొదటిది గోడ నిరోధం, రెసిస్టివ్ వాల్. లాస్లెట్, నీల్, సెస్లర్ 1965లోనే దీనికి సిద్ధాంతం రాశారు. గొట్టం వ్యాసార్థం తగ్గేకొద్దీ అడ్డ దిశ ఇంపీడెన్స్ ఘనంలో పెరుగుతుంది. నిలువు సగం గ్యాప్ 12 మిల్లీమీటర్ల నుంచి 4కు తగ్గితే ఆ చోట మీటరుకు 27 రెట్లు. నిలువు దిశలోనే గొడవ ఎందుకొస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది, చాంబర్ సన్నగా ఉండేది ఆ దిశలోనే కదా. ఇంకో సంగతి, ఈ ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ పెరుగుతుంది, వర్గమూలానికి విలోమంగా. కాబట్టి బీమ్ డోలనం స్పెక్ట్రమ్‌లో చూపే గీతల్లో అన్నింటికన్నా కింద ఉండే స్లో వేవ్ సైడ్‌బ్యాండ్‌దే పెద్ద పెత్తనం. ట్యూన్‌లో భిన్న భాగం 0.2 అయితే ఆ గీత చుట్టు ఫ్రీక్వెన్సీకి 0.8 రెట్ల దగ్గర, పై ఉదాహరణలో 427 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. భిన్న భాగం 0.8 అయితే అదే గీత 0.2 రెట్ల దగ్గరికి దిగుతుంది, ఇంపీడెన్స్ రెట్టింపవుతుంది. ట్యూన్‌ను పూర్ణాంకానికి కాస్త పైన పెట్టుకోవాలని పాతవాళ్లు పట్టుబట్టేది ఇందుకే.

గోడ రోజుకో రకంగా మారదు కదా అంటారేమో. ఇన్-వాక్యూమ్ అండ్యులేటర్లు ఉంటే మారుతుంది. వాటి అయస్కాంత దవడలు వాక్యూమ్ లోపలే కదులుతాయి కాబట్టి గ్యాప్ మూసిన ప్రతిసారీ బీమ్‌కు గోడ దగ్గరకు వచ్చినట్టే. మంచి రోజుల్లో, చెడ్డ రోజుల్లో ఏయే గ్యాప్‌లు ఎంత మూసి ఉన్నాయో లాగ్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చాలా టెన్షన్ అక్కడే తీరిపోవచ్చు.

రెండో అనుమానితుడు ఆర్‌ఎఫ్ కావిటీలోని హయ్యర్ ఆర్డర్ మోడ్‌లు, హెచ్‌ఓఎంలు, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి పైన కావిటీ మోగే తీరులు. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే 'నిన్న బాగుంది, ఇవాళ లేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. కావిటీని 500 మెగాహెర్ట్జ్ కోసం చేస్తారు, కానీ అదే లోహపు పెట్టె 700 దగ్గర, 900 దగ్గర, ఇంకా పైన కూడా మోగుతుంది. డ్యాంప్ చేయని పాత రకం రాగి కావిటీలో అలాంటి ఒక మోడ్ క్యూ విలువ (ఎంతసేపు మోగుతుందన్న కొలత) 30,000 అనుకోండి. 900 మెగాహెర్ట్జ్ దగ్గర దాని వెడల్పు 30 కిలోహెర్ట్జ్ మాత్రమే. బీమ్ స్పెక్ట్రమ్‌లోని గీతల మధ్య దూరమేమో 534 కిలోహెర్ట్జ్. అంటే మోడ్ గీతల మధ్య పడితే బతికిపోయారు, గీత మీద పడితే దొరికిపోయారు.

ఇప్పుడు ఉష్ణోగ్రత చూడండి. రాగి డిగ్రీకి లక్షకు 1.7 వంతుల చొప్పున వ్యాకోచిస్తుంది. 900 మెగాహెర్ట్జ్ మోడ్ ఒక డిగ్రీకి సుమారు 15 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. కావిటీ చల్లబరిచే నీరు 2 డిగ్రీలు మారితే మోడ్ తన వెడల్పంత జరిగిపోయినట్టే. మూల ఫ్రీక్వెన్సీని ట్యూనర్ ఎప్పటికప్పుడు సరిదిద్దుతుంది కాబట్టి కన్సోల్ మీద అంతా మామూలుగానే కనిపిస్తుంది. కానీ ట్యూనర్‌లోని ప్లంజర్ కదలికకు ఒక్కో హెచ్‌ఓఎం ఒక్కో రకంగా స్పందిస్తుంది. మూలం కదల్లేదంటే మిగతావీ కదల్లేదని కాదు. ఇటలీలోని ఎలెట్రా రింగ్‌లో కావిటీ ఉష్ణోగ్రతను జాగ్రత్తగా ఎంచుకుని హెచ్‌ఓఎంలను గీతల మధ్యలో కూర్చోబెట్టి నడిపేవారు. అదొక చికిత్సగా అక్కడ స్థిరపడింది. మీ దగ్గర చేయాల్సింది సులువు. కావిటీ నీటి ఉష్ణోగ్రతను అర డిగ్రీ చొప్పున మార్చుతూ ప్రతి మెట్టు దగ్గరా హద్దు రాసుకోండి. గ్రాఫ్‌లో లోయ లాంటిది కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మూడో అనుమానితుడు అయాన్లు. వాక్యూమ్‌లో మిగిలిన వాయువును బీమ్ ఢీకొట్టి అయాన్లుగా మారుస్తుంది. ధనావేశపు అయాన్లను ఎలక్ట్రాన్ బీమ్ ఆకర్షించి పట్టి ఉంచుతుంది. మామూలు మందు ఫిల్ పాటర్న్‌లో ఖాళీ వదలడం. ఆ ఖాళీలో అయాన్లు చెదిరిపోతాయి. అయితే బీమ్ సన్నగా, వాక్యూమ్ పేలవంగా ఉంటే ఖాళీ ఉన్నా, ఒకే బంచ్ రైలు వెళ్లే సమయంలోనే అయాన్లు పోగై తోక బంచ్‌లను ఊపేస్తాయి. రౌబెన్‌హైమర్, జిమర్‌మన్ 1995లో ఈ వేగవంతమైన రకాన్ని ఊహించారు. తర్వాత బర్క్‌లీలోని ఏఎల్‌ఎస్ రింగ్‌లో కావాలని హీలియం వదిలి దాన్ని చూశారు. గుర్తుపట్టడం కష్టం కాదు. మొదట్లోని బంచ్‌లు నిశ్చలంగా, చివరివి ఊగుతూ ఉంటాయి. స్పెక్ట్రమ్‌లో ఒక పదునైన గీత బదులు వెడల్పాటి గుట్ట కనిపిస్తుంది. చాంబర్ తెరిచి మూసిన తర్వాతి వారాల్లో ఎక్కువగా ఉండి, ఆంపియర్-గంటలు పోగయ్యేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. మీ చెడ్డ రోజులు షట్‌డౌన్ తర్వాతే గుంపుగా ఉన్నాయా?

ఎలక్ట్రాన్ క్లౌడ్ (చాంబర్‌లో పోగై బీమ్‌ను ఊపే ఎలక్ట్రాన్ల మబ్బు) గురించి కూడా మీరు చదివే ఉంటారు. అది పాజిట్రాన్, ప్రోటాన్ రింగ్‌ల బాధ. జపాన్‌లో కెక్‌బీ, అమెరికాలో పెప్-2 దానికోసం గొట్టాల చుట్టూ సోలెనాయిడ్లు చుట్టాల్సి వచ్చింది. మీవి ఎలక్ట్రాన్లు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి.

క్రోమాటిసిటీ పెంచితే ఎందుకు తగ్గుతోందన్నది మీ ప్రశ్నలో దాగున్న మంచి ప్రశ్న. బంచ్‌లో కణాలు తల నుంచి తోకకు, తోక నుంచి తలకు సింక్రోట్రాన్ డోలనంతో మారుతూ ఉంటాయి. ఆ దారిలో శక్తి మారుతుంది. క్రోమాటిసిటీ ఉంటే శక్తితోపాటు ట్యూన్ మారుతుంది, దాంతో తలకు తోకకు మధ్య ఒక ఫేజ్ తేడా పేరుకుంటుంది. ఆ తేడా ఒక దిశలో ఉంటే తల వదిలిన వేక్ తోక కదలికకు ఊతమిస్తుంది, రెండో దిశలో ఉంటే అణిచేస్తుంది. ఇదే హెడ్-టెయిల్ ప్రభావం. ఇటలీలోని ఫ్రస్కాటిలో అడోనే రింగ్ నడుస్తున్న రోజుల్లో, 1969లో పెల్లెగ్రిని, అదే ఏడాది అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో సాండ్స్ దీన్ని వివరించారు. ఎలక్ట్రాన్ రింగ్‌లో సెక్స్‌టుపోల్‌లు (క్రోమాటిసిటీని సరిదిద్దే ఆరు ధ్రువాల అయస్కాంతాలు) లేకపోతే క్రోమాటిసిటీ రుణాత్మకంగా ఉంటుంది. అప్పుడు బంచ్ మొత్తం ఒకటిగా ఊగే మోడ్‌కు హద్దు దాదాపు సున్నా దగ్గరే. అందుకే ప్రతి రింగ్‌లోనూ సెక్స్‌టుపోల్‌లతో దాన్ని కాస్త ధనాత్మకం చేసి నడుపుతారు.

ఇంకా పెంచితే హెడ్-టెయిల్ డ్యాంపింగ్ మీ కపుల్డ్ బంచ్ పెరుగుదలను కూడా అణుస్తుంది. ఫీడ్‌బ్యాక్‌లు లేని రోజుల్లో చాలా రింగ్‌లు ఎక్కువ క్రోమాటిసిటీతోనే గట్టెక్కాయి. కానీ ఊరికే రాదు. సెక్స్‌టుపోల్‌లు బలపడితే డైనమిక్ అపర్చర్, అంటే కణాలు పోకుండా తిరగగల మేర, కుదించుకుపోతుంది. శక్తి తేడా ఉన్న కణాల ట్యూన్ రెజొనెన్స్‌ల మీదకు జరుగుతుంది. టూషెక్ ఢీలో, అంటే బంచ్‌లోని కణాలు ఒకదాన్నొకటి ఢీకొనడంలో, చెదిరిన కణాలు బతికి బయటపడలేవు. మీ లైఫ్‌టైమ్ పోతున్నది అక్కడే. క్రోమాటిసిటీని తాత్కాలిక ఉపశమనంగా వాడుకోండి, శాశ్వత పరిష్కారంగా మాత్రం నాకు నచ్చదు.

సింగిల్ బంచ్ వైపు ఇంకొకటి చెప్పాలి, ఫీడ్‌బ్యాక్ హద్దులు దానితోనే తెలుస్తాయి. బంచ్‌లో ఛార్జి బాగా పెరిగితే తల, తోక స్థానాలు మార్చుకునే లోపే తోక డోలనం చెయ్యి దాటిపోతుంది. క్రోమాటిసిటీ సున్నా అయినా ఇది వస్తుంది. ట్రాన్స్‌వర్స్ మోడ్ కప్లింగ్ అంటారు. 1980 ప్రాంతంలో జర్మనీలోని పెట్రా రింగ్‌లో దీన్ని గుర్తించారు. తర్వాత సెర్న్‌లోని లెప్ రింగ్‌లో ఇంజెక్షన్ ఎనర్జీ (బీమ్‌ను లోపలికి పంపేటప్పటి శక్తి) దగ్గర ఒక్కో బంచ్‌లో ఎంత కరెంటు పట్టాలో నిర్ణయించింది ఇదే. ఇక్కడ బంచ్ లోపల ఆకారమే వంకర పోతుంది. ఫీడ్‌బ్యాక్‌కు కనిపించేది బంచ్ సగటు స్థానం మాత్రమే. తల పైకీ తోక కిందకీ సమానంగా ఊగితే సగటు సున్నా, ఫీడ్‌బ్యాక్ దృష్టిలో అంతా ప్రశాంతమే. పొడవు దిశలో మైక్రోవేవ్ అస్థిరత కూడా అంతే. బంచ్ పొడవు, శక్తి వ్యాప్తి పెరుగుతాయి, ఫీడ్‌బ్యాక్ ఏమీ చేయలేదు. అక్కడ చాంబర్‌ను నున్నగా చేయడం, హార్మోనిక్ కావిటీతో (ఆర్‌ఎఫ్‌కు కొన్ని రెట్ల ఫ్రీక్వెన్సీలో నడిచే అదనపు కావిటీ) బంచ్‌ను సాగదీయడం లాంటివే దారి.

ఇప్పుడు ఫీడ్‌బ్యాక్. బీపీఎం ప్రతి బంచ్ స్థానాన్ని ప్రతి చుట్టులో కొలుస్తుంది. ఎఫ్‌పీజీఏ అనే వేగవంతమైన చిప్‌లోని ఫిల్టర్ గత కొన్ని చుట్ల కొలతల నుంచి ఎంత తన్నాలో లెక్కేస్తుంది. యాంప్లిఫయర్, స్ట్రిప్‌లైన్ కిక్కర్ (బీమ్ పక్కనుండే ఎలక్ట్రోడ్లు) అదే బంచ్‌ను తంతాయి. బంచ్‌ల మధ్య 2 నానోసెకన్లే కాబట్టి 250 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ ఉంటే అన్ని మోడ్‌లూ, అంటే బంచ్‌లు కలిసి ఊగే తీరులన్నీ, అందులోకి వస్తాయి. 0.1 మిల్లీసెకనులో, అంటే 50 చుట్లకు కాస్త పైగా, డోలనాన్ని అణచడం ఇవాళ పెద్ద విశేషమేమీ కాదు. పై ఉదాహరణలో 1 మిల్లీసెకను పెరుగుదల దాని ముందు నిలవదు.

తప్పులు జరిగేది చిన్న చోట్ల. బీపీఎం చూసే స్థానంలో డోలనం ఒక మైక్రోమీటర్ ఉంటే స్థిరమైన ఆర్బిట్ ఆఫ్‌సెట్ (బీమ్ దారి మధ్య నుంచి పక్కకు ఉండటం) వంద ఉండొచ్చు. ఫిల్టర్ ఆ స్థిర భాగాన్ని పూర్తిగా కోసేయకపోతే యాంప్లిఫయర్ శక్తంతా దానిమీదే ఖర్చయిపోతుంది. తన్ను స్థానానికి కాదు, కోణానికి అనుపాతంలో పడాలి. అంటే ట్యూన్ దగ్గర ఫేజ్ సరిగ్గా 90 డిగ్రీలు. ఆపరేటర్ ట్యూన్ మార్చి ఫిల్టర్ మార్చడం మరిచిపోతే అదే ఫీడ్‌బ్యాక్ బీమ్‌ను ఊపి బయటపడేస్తుంది. రెసిస్టివ్ వాల్ మీద అనుమానం ఉంటే యాంప్లిఫయర్ కింది హద్దు కూడా చూడండి. కింద 427 కిలోహెర్ట్జ్ దగ్గర అది సరిగా పనిచేయకపోతే అన్నిటికన్నా మొండి మోడ్‌నే మీరు వదిలేసినట్టు. గెయిన్ ఎక్కువ పెడితే బీపీఎం నాయిస్‌నే బీమ్ మీదకు ఎక్కిస్తారు. నిలువు సైజు పది మైక్రోమీటర్ల లోపు ఉండే రింగ్‌లో అది కంటికి కనిపిస్తుంది.

ఫీడ్‌బ్యాక్ కొనడానికి నా దృష్టిలో పెద్ద కారణం డ్యాంపింగ్ కూడా కాదు, కొలత. స్లాక్ బృందం 1990లలో గ్రో-డ్యాంప్ అనే పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చింది. ఫీడ్‌బ్యాక్‌ను కొన్ని మిల్లీసెకన్లు ఆపుతారు, ప్రతి బంచ్ కదలికను రికార్డు చేస్తారు, బీమ్ పోకముందే మళ్లీ ఆన్ చేస్తారు. ఆ రికార్డును బంచ్‌ల వెంట ఫోరియర్ చేస్తే ఏ మోడ్ ఎంత వేగంగా పెరిగిందో విడివిడిగా బయటపడుతుంది. కింది మోడ్ ఒక్కటే ముందుంటే గోడ. ఎక్కడో మధ్యలో ఒక అంకె దగ్గర ఒంటరి స్తంభం లేస్తే హెచ్‌ఓఎం. పక్కపక్కన చాలా మోడ్‌లు గుంపుగా లేస్తే అయాన్లు. ముగ్గురు అనుమానితులను ఒకే కొలత విడదీసేస్తుంది.

మీ దగ్గర ఇంకా ఫీడ్‌బ్యాక్ లేదు కాబట్టి ప్రస్తుతానికి స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో సరిపెట్టుకోండి. కరెంటు హద్దుకు 5 మిల్లీఆంపియర్లు కింద ఒకటి, పైన ఒకటి ట్రేస్ తీయండి, ఆర్‌ఎఫ్‌లో సగం ఫ్రీక్వెన్సీ దాకా చాలు. పక్కనే ఆ సమయంలోని కావిటీ నీటి ఉష్ణోగ్రత, వాక్యూమ్ రీడింగ్‌లు, అండ్యులేటర్ గ్యాప్‌లు, నిలువు ట్యూన్, ఫిల్ పాటర్న్ రాసి ఇక్కడ పెట్టండి. ఒక మంచి రోజు, ఒక చెడ్డ రోజు రెండూ కావాలి. గీత ఎక్కడ లేచిందో కనిపిస్తే మోడ్ నంబర్ లెక్కేసి చెప్తాను.